పావుగంటకోసారి

టైమరు మోగింది. ల్యాబు అసిస్టెంటు గాజుగొట్టం కింది మర తిప్పి పాత ద్రావణం వదిలేసి, కొత్తది నింపాడు. ప్రయోగం కోసం దారానికి వేలాడదీసిన ఎలుక పేగుముక్క ఒకసారి ముడుచుకుని సాగింది. మళ్ళీ పావుగంటకు ఇదే పని. మరిచిపోతే ముక్క చచ్చిపోతుంది. దాంతోపాటే పరిశోధక విద్యార్థిని రోజంతా పడ్డ శ్రమ కూడా.

"తినేసి చిటికెలో వస్తా బాబాయ్" అని ఆమె వెళ్ళి గంట దాటింది.

ఆయన కాలు నిలవడం లేదు. ఇరవై ఆరేళ్ళుగా ఈ బల్ల దగ్గరే ఎందరికో ఆ దారం ముడి వేయడం నేర్పాడు. వాళ్ళంతా పీహెచ్‌డీలు చేసి డాక్టర్లయ్యారు. ఈయనా సాయంత్రం క్లాసులతో ఫార్మకాలజీలో పీజీ చేశాడు, పీహెచ్‌డీ ప్రవేశపరీక్ష గట్టెక్కాడు, రెండు సిఫారసు లేఖలూ సంపాదించాడు. చిక్కంతా కోర్స్‌వర్కుతోనే. మొదటి ఏడాది నాలుగు పేపర్లూ పగటిపూట క్లాసులో కూర్చుని చదవాలి. ఉద్యోగం చేస్తూ కుదరదు. దరఖాస్తుకు రాజీనామా జతచేయాలి. ఆ కాగితం జేబులో చెమటకు మెత్తబడుతోంది. గడువు ఈరోజు నాలుగింటికి.

మూడున్నరకు మర తిప్పి, మూడంతస్తులు దిగాడు. అడ్మిషన్ల కిటికీ వెనక ఉన్నది సొంత వదినే.

"ఏం మరిదిగారూ, ఈసారైనా ఇస్తారా, నా మొహం చూసి పోతారా?"

"అన్నయ్య ఏమన్నాడు వదినా?"

"యాభై రెండేళ్ళకు బెంచీ ఎక్కుతాడా అని పడీపడీ నవ్వారు. తర్వాత తన పాత బ్యాగు దులిపి మీకోసం ఎండలో పెట్టారు."

ఆయన పెన్ను తీశాడు. మెడలో వేలాడుతున్న టైమరు చూశాడు. మోగడానికి ఇంకా నాలుగు నిమిషాలే.

"ఇప్పుడే వస్తా."

"నిరుడూ ఇదే మాట!"

రొప్పుతూ పైకొచ్చేసరికి టైమరు మోగింది. మర తిప్పుతుండగా విద్యార్థిని దూసుకొచ్చింది.

"సారీ బాబాయ్, కబుర్లలో పడ్డా."

ఆయన మెడలోంచి టైమరు తీసి బల్లమీద పెట్టాడు. "పావుగంటకోసారి. మళ్ళీ కబుర్లలో పడి దీన్ని చంపేయకు."

"మీరెక్కడికి?"

"క్లాసుకి."

జోకనుకుని ఆమె నవ్వింది. ఆయన తెల్లకోటు విప్పి, మడత పెట్టి, వెళ్ళిపోయాడు.

నాలుగింటికి రెండు నిమిషాలుందనగా కింద కిటికీలో దరఖాస్తుమీద ముద్ర పడింది. పైన బల్లమీద, మెడ చెమటకు నల్లబడ్డ తాడుతో, టైమరు ఇంకా రెండు నిమిషాలు చూపిస్తోంది.