తొమ్మిదిన్నర దాకా వెలుతురు

నేను ఇటలీ ఎప్పుడూ వెళ్ళలేదు. కోమో సరస్సు నీళ్ళు ఏ రంగులో ఉంటాయో నాకు తెలియదు. ఈ ముక్క 1999 అక్టోబరులో, సింగపూర్ తంజోంగ్ పగార్‌లోని మా ట్రావెల్ ఆఫీసు కౌంటర్ దగ్గరే చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. పైపెచ్చు రెండుసార్లు వెళ్ళొచ్చానని చెప్పాను.

అది మా బాస్ పెట్టిన రూలు. చూడని ఊరి గురించి చెబితే కస్టమర్ నమ్మడట, కాబట్టి అన్నీ చూసినట్టే మాట్లాడాలట. మొదట్లో సిగ్గేసింది. తర్వాత అలవాటైపోయింది. దాచుకోవడం ఎందుకు, సరదాగా కూడా ఉండేది. మలేసియాలో, పేరాక్‌లోని ఆయిల్‌పామ్ ఎస్టేట్‌లో పుట్టి, ఎస్టేట్ బడిలో తెలుగు నేర్చుకుని, పని కోసం జొహోర్ సరిహద్దు దాటి సింగపూర్ వచ్చినదాన్ని నేను. అలాంటి నన్ను పట్టుకుని పెద్దపెద్ద కంపెనీల ఇంజనీర్లు రాజామణి ఆంటీ, మిలాన్‌లో ఏ రైలెక్కాలి అని అడుగుతుంటే నాకు కాస్త తలకెక్కింది.

ఆ రోజుల్లో కంప్యూటర్ పనుల మీద ఆంధ్రా నుంచి కుర్రాళ్ళు దండిగా దిగారు. జీతాలు బాగా వచ్చేవి. జూన్‌లో పిల్లలకు బడి సెలవులివ్వగానే యూరప్ అనేవాళ్ళు. వాళ్ళ కోసం నేను తెలుగులో ఒక కాగితం రాసి జిరాక్సులు తీసి పెట్టాను. వెళ్ళొచ్చిన ప్రతివాళ్ళనీ మకాన్‌కి, అంటే తిండికి, లాక్కెళ్ళి, తోసై, అదే మన దోసె, తినిపించి, అక్కడేం చూశారో ఏం పొరపాట్లు చేశారో కూపీ లాగేదాన్ని. అదంతా కాగితంలో ఎక్కించేదాన్ని. మిలాన్ నుంచి సరస్సు ఒడ్డున ఉన్న వరెన్నా వెళ్ళే రైల్లో ఎడమవైపు కూర్చోండి, సరస్సు అటే కనిపిస్తుంది. టికెట్ కొంటే చాలదు, ప్లాట్‌ఫారం మీద మిషన్‌లో ముద్ర వేయించుకోకపోతే జరిమానా. మధ్యాహ్నం రెండున్నర దాటితే హోటళ్ళలో వంటిల్లు మూసేస్తారు, ఏడింటిదాకా ఎవడూ అన్నం పెట్టడు. కాఫీ నిలబడి తాగితే ఒక రేటు, కూర్చుంటే ఇంకో రేటు. కూరగాయల సూప్ అంటారు గానీ మాంసం ఉడికించిన నీళ్ళు పోస్తారు, అడిగి తాగండి. వీధులన్నీ గులకరాళ్ళే, ఆడవాళ్ళు ఎత్తు మడమల చెప్పులు మానుకోండి. ఆవకాయ సీసాకి రెండు ప్లాస్టిక్ సంచులు చుట్టండి. అన్నిటికన్నా కింద ఇలా రాశాను: అక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురుంటుంది, దేనికీ తొందరపడకండి.

ఆ కాగితం బిషాన్ ఫ్లాట్లలో తెలుగువాళ్ళ ఇళ్ళన్నీ తిరిగింది. నేను తబ్బిబ్బయ్యాను. దానిలోని మాటలు చెప్పిన వాళ్ళందరూ జూన్‌లోనే వెళ్ళారన్న సంగతి నా బుర్రకి తట్టలేదు.

అనిల్‌కుమార్, భార్గవి అక్టోబరు మొదట్లో ఒక శనివారం వచ్చారు. అతను ఒక బ్యాంకులో కంప్యూటర్ పని చేస్తాడు. ఆమెకి ముప్పై నాలుగేళ్ళుంటాయి. కుర్చీలో కూర్చునే ముందు దాని వీపు తడుముకుంది. కళ్ళు మాత్రం చక్కగా ఉన్నాయి, నిండుగా, కాటుక పెట్టుకుని. చిన్నప్పటి నుంచీ రేచీకటట. ఇప్పుడు అది పగటి మీదికి కూడా పాకుతోందట. మంచి వెలుతురుంటే ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, వెలుతురు తగ్గితే ఏమీ లేదు. ఇంకో ఏడాదో, అంతకన్నా తక్కువో అని డాక్టర్ చెప్పాడట. ఇవన్నీ భార్గవే చెప్పింది, కరెంటు బిల్లు గురించి చెప్పినంత మామూలుగా.

ఉన్న చూపుతో ఒక్క మంచి చోటు చూడాలని ఆమె కోరిక. కొండలూ నీళ్ళూ ఒకేచోట ఉండాలి, బోలెడు వెలుతురుండాలి. అనిల్ చేతిలో న్యూజిలాండ్ సరస్సుల కరపత్రం ఉంది. నాకు న్యూజిలాండ్ గురించి అక్షరం ముక్క తెలియదు. తెలియని చోటికి పంపితే ఆంటీ గొప్ప ఏం కావాలి. ఆ కరపత్రం పక్కకి జరిపి నా కాగితం ముందు పెట్టాను. చివరి వాక్యం పైకి చదివి వినిపించాను.

భార్గవి ముఖం వెలిగిపోయింది. రాత్రి తొమ్మిదిన్నర దాకానా అని రెండుసార్లు అడిగింది. ఆమెకి సింగపూర్‌లో సాయంత్రం ఏడయ్యేసరికి రోజు అయిపోతుంది. ఇంకో రెండున్నర గంటలు దొరుకుతాయంటే ఎవరికైనా ఆశ పుడుతుంది.

అనిల్ తెలివైనవాడు, అడగాల్సింది అడిగాడు. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఏమైపోతాయోనన్న భయంతో వాళ్ళ ఆఫీసులో సెలవులన్నీ ఆపేశారు. జనవరి మూడోవారం దాకా కదలనివ్వరు. గట్టిగా పోట్లాడితే ఇప్పుడే పది రోజులు ఇస్తారేమో. "జనవరంటే వింటర్ కదాంటీ, ప్రాబ్లెం ఉండదా? లేదంటే ఇప్పుడే ఎలాగోలా లీవ్ తీసుకుంటా" అన్నాడు.

చలికాలమంటే చలి, అంతే కదా అనుకున్నాను. అది ఒంటికి సంబంధించిన సంగతి, వెలుతురుకేం సంబంధం? నేను పుట్టిన చోటా, బతుకుతున్న చోటా సూర్యుడు ఏడాది పొడుగునా ఏడింటికి లేచి ఏడింటికి పడుకుంటాడు. వేరే చోట నెలకో రకంగా ఉంటాడని నాకెవరు చెప్పారు? స్వెట్టర్లు రెండు ఎక్కువ పెట్టుకోండి, నేను జనవరిలోనే వెళ్ళాను, రాత్రి భోజనానికి కూర్చున్నా ఇంకా పగలే అన్నాను. ఆ అబద్ధం అంత నున్నగా ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. అతను నమ్మాడు. కళ్ళతో చూసిన మనిషి చెబుతుంటే నమ్మక ఏం చేస్తాడు?

జనవరి ఇరవై రెండున వెళ్ళారు. మూడోరోజు సాయంత్రం నాలుగింటికి ఆఫీసుకి ఫోన్ వచ్చింది. అక్కడ ఉదయం తొమ్మిదట. కొండ వెనక నుంచి సూర్యుడు ఇంకా రాలేదట. నేను కాగితంలో భోజనానికి రాసిన నాలుగు హోటళ్ళలో మూడు మూసి ఉన్నాయట, తోటలకి గొలుసులు వేసి మార్చిలో తెరుస్తామని బోర్డులు పెట్టారట. నిన్న ఐదున్నరకే చీకటి ముసిరిందట. పడవ దిగుతుంటే భార్గవి రెయిలింగ్ పట్టుకుని అక్కడే ఆగిపోయిందట.

"మీరొచ్చినప్పుడు వెలుతురు ఎక్కడుందాంటీ?" అన్నాడు. గొంతులో కోపం లేదు. దారి అడిగినట్టు అడిగాడు.

మబ్బు పట్టి ఉంటుంది నాయనా, రెండు రోజుల్లో సర్దుకుంటుంది అన్నాను. ఫోన్ పెట్టేశాను. వెళ్ళి బాస్‌ని అడిగాను. అతను నవ్వాడు. జనవరిలో ఇటలీలో ఐదున్నరకి చీకటి పడక ఏమవుతుంది, వింటర్ కదా, అన్నాడు. జూన్‌లో పొద్దు సాగుతుంది, జనవరిలో ముడుచుకుంటుంది. వెలుతురు కావాలంటే న్యూజిలాండ్ పంపాల్సింది, అక్కడ ఇప్పుడు ఎండాకాలం, తొమ్మిది దాటినా పగలే అన్నాడు. నన్ను చెప్పు తీసుకుని కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

టికెట్లు మార్చడం కుదరలేదు. వాళ్ళ హోటల్‌కి ఫోన్ చేసి, అక్కడి వచ్చీరాని ఇంగ్లీషు మనిషితో కబురు పెట్టాను. పదకొండు నుంచి రెండింటి మధ్య భార్గవిని పడవ మీద పైన కూర్చోబెట్టమని, అప్పుడే కాస్త ఎండ ఉంటుందని. నా బతుకులో నేను ఆలోచించి ఇచ్చిన మొదటి సలహా అది. మిగిలిన నాలుగు రోజులూ మబ్బు కొండల మీద నుంచి నీళ్ళదాకా దిగి కూర్చుందట.

ఫిబ్రవరి రెండోవారంలో అనిల్ ఒక్కడే ఆఫీసుకొచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మీరు అసలు వెళ్ళలేదు కదాంటీ" అన్నాడు.

లేదు అన్నాను. బాస్ వింటున్నాడేమోనని ఆ ఘడియలో కూడా పక్కకి చూశాను, ఛీ.

అతను చెప్పిందేమిటంటే, భార్గవి ఆ చీకటిని నమ్మడం లేదు. అక్కడ తొమ్మిదిన్నర దాకా వెలుతురుంటుందని రాజామణి ఆంటీ చూసొచ్చి చెప్పింది కదా, కాబట్టి పడింది చీకటి కాదు, పోయింది తన చూపు అనుకుంటోంది. అందరికీ చీకటే, నాకూ చీకటే అని అతనంటే, నన్ను ఓదార్చడానికి చెబుతున్నారు అంటోందట. ఇక్కడికొచ్చాక బాగానే కనిపిస్తోంది కదా అంటే, ఇవాళ కనిపిస్తుంది రేపు పోతుంది, మళ్ళీ ఆశ పెట్టుకోను అంటోందట. ఇంకా ఆరు నెలలైనా చూపుంటుందని, ఉన్నన్నాళ్ళూ వాడుకోమని డాక్టర్ చెప్పినా కర్టెన్లు వేసుకుని కూర్చుంటోంది. వాళ్ళ చిన్నపాప బొమ్మ గీసి తెచ్చినా ముఖం తిప్పుకుంటోంది.

"మీరొచ్చి నిజం చెప్పండి. మీ మాటైతే నమ్ముద్ది" అని అడిగి వెళ్ళిపోయాడు.

వెంటనే వెళ్ళానా? లేదు. పదకొండు రోజులు పట్టింది. ఆంటీ ఎక్కడికీ వెళ్ళలేదట అని బిషాన్ అంతా గుప్పుమంటే నా ఉద్యోగమేమిటి, నా ముఖమేమిటి అని లెక్కలు వేసుకున్నాను. ఒకామె చూపు తరిగిపోతుంటే నేను నా ముఖం గురించి ఆలోచించాను. ఇది తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు.

శనివారం మధ్యాహ్నం మూడింటికి వాళ్ళ ఫ్లాట్‌కి వెళ్ళాను. బయట ఎండ మాడ్చేస్తోంది. లోపల మందపాటి కర్టెన్లు, మసక. అనిల్ తలుపు తీసి, పాపని తీసుకుని కిందికి వెళ్ళిపోయాడు. భార్గవి సోఫాలో కూర్చుని ఉంది. కాటుక లేదు. నా గొంతు గుర్తుపట్టి ఎంతో ఆపేక్షగా పక్కన కూర్చోమంది, మీ కాగితంలో చెప్పినట్టు ఎడమవైపే కూర్చున్నామాంటీ అంది.

ఇంక దాచలేదు. నేను ఇటలీ వెళ్ళలేదమ్మా, ఒక్కసారి కూడా వెళ్ళలేదు అని చెప్పాను. జూన్‌లో వెళ్ళినవాళ్ళ మాటలు పోగేసి రాశాను, జనవరిలో అక్కడ ఐదున్నరకి లోకమంతటికీ చీకటే, నీ కళ్ళ తప్పు కాదు, నా నోటి తప్పు అని చెప్పాను. ఏడుపొచ్చింది, ఏడుస్తూనే చెప్పాను. ఆమె మధ్యలో అడ్డురాకుండా మొత్తం విన్నది. విని, నా చెయ్యి వెతికి పట్టుకుంది.

"మా ఆయన వచ్చి చెప్పమన్నారు కదాంటీ" అంది.

వచ్చాడు, కానీ ఇది నిజం అన్నాను. మా అమ్మ మీద ఒట్టు వేశాను. ఒట్టుకి ఆమె చిన్నగా నవ్వింది. సంచిలోంచి పాస్‌పోర్టు తీశాను. జొహోర్ ముద్రలు తప్ప ఇందులో ఇంకేమీ లేవు, కర్టెన్ తీస్తాను, నువ్వే చూసుకో అని ఆమె ఒళ్ళో పెట్టాను. ఈ ఎండలో నీకు కనిపిస్తుంది భార్గవీ, ఒక్కసారి చూడమ్మా అని బతిమాలాను.

లేచి కర్టెన్ దగ్గరికి వెళ్ళబోతే వద్దంది. పాస్‌పోర్టు తెరవను కూడా తెరవలేదు. అంచులు సరిచేసి నా చేతిలో పెట్టి, నా వేళ్ళు దాని మీద మూసింది.

"నన్ను ఓదార్చడానికి మీరు ఇంత నింద మీ మీద వేసుకుంటున్నారు. మీరు చాలా మంచివారాంటీ" అంది.