గీతకు మందం

మా కాలేజీలో పిల్లలు నన్ను స్కేలు సారు అంటారు. ఇరవై రెండేళ్లుగా ఇళ్లు గీయడం నేర్పుతున్నాను. పాఠం అరటిపండు వలిచి చేతిలో పెట్టినట్టు చెబుతానని పేరు. అలాంటి నన్ను పట్టుకుని ప్రిన్సిపాలు, కొత్తగా వచ్చిన, పిల్లలు మట్టి మేడం అని పిలుచుకునే టీచరు క్లాసు చూసి రిపోర్టు ఇమ్మన్నారు. నేను బాగుందంటే ఆవిడను ఉంచుతారు, లేదంటే నెలాఖరుకు సాగనంపుతారు. ఏం రాయాలో క్లాసు చూడకముందే అనుకున్నాను.

ఎందుకనుకోను? మూడు నెలల్లో ఆవిడ పిల్లల చేత ఒక్క బొమ్మ గీయించలేదు. వర్క్‌షాపులో సామాన్లు పెట్టే ఎత్తు అరుగు మీదికి మెట్లు కట్టిస్తోంది. ఇటుకలు మోయడానికి కాలేజీ ఎందుకు?

నేను వెళ్లేసరికి మెట్లు పూర్తయ్యాయి. ఆరు మెట్లు, ఏడోది అరుగే. అరుగు మీద ముందురోజే మేస్త్రి టైల్స్ పరిచాడట. పిల్లలు ఒక్కొక్కరే నిండు గ్లాసు పట్టుకుని, చూపు గ్లాసు మీదే ఉంచి ఎక్కుతున్నారు. ఆరు మెట్ల దాకా చుక్క తొణకలేదు. అరుగు మీద కాలు పెట్టబోయి అందరూ తూలారు. ఇదేం గారడీ అని నేనూ ఎక్కాను. సగం గ్లాసు నా చొక్కా తాగింది.

స్కేలు తీసి కొలిచాను. ప్రతి మెట్టూ ఆరంగుళాలు, చివరిది ఎనిమిది. ముందే తెలుసా అని ఆవిడను అడిగితే తెలుసంది. మేస్త్రి మొదటిరోజే నోరు తెరవబోతే ఆవిడే ఆపిందట. నాకు ఒళ్లు మండింది. తప్పని తెలిసీ కట్టించడం ఏం చదువని నిలదీశాను.

"చెబితే రాసుకుంటారు సార్. పరీక్ష అయ్యాక మర్చిపోతారు. ఇప్పుడు ఆ రెండంగుళాలూ వాళ్ల కాళ్లకు తెలుసు," అంది.

మాట బాగుంది. అయినా నేను తగ్గలేదు. ఏ మహానుభావుడు వేశాడీ లెక్క అని పిల్లల్ని గద్దించాను. ఒక అమ్మాయి చుట్టిన కాగితం తెచ్చి విప్పింది.

అది నాదే. ఉద్యోగంలో చేరిన ఏడాది గీసిన నమూనా మెట్లు. ప్రతి బ్యాచీ దాన్నే చూసి గీస్తుంది. అందులో మెట్లు చేరే పై నేల ఒక గీత. గీతకు మందం ఉండదు. టైల్సుకూ, వాటి కింది సిమెంటుకూ కలిపి రెండంగుళాలు ఉంటుంది. ఆ రెండంగుళాలే చివరి మెట్టుకు చేరాయి.

"మీ దగ్గర చదివిన పిల్లలు తెచ్చే బొమ్మల్లో మేం ఆ మందాన్ని సర్దుకుంటూనే ఉంటాం సార్," అన్నాడు మేస్త్రి ఎంతో మర్యాదగా.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

ఆవిడ తలచుకుంటే ఈ కాగితాన్ని ఎప్పుడో ప్రిన్సిపాలు ముందు పరిచి నా పరువు తీసేది. తియ్యలేదు. పిల్లలతో పాటు నా చేతికీ ఒక గ్లాసు ఇచ్చింది, అంతే. ఇంతలో పిల్లలు మెట్లను ఎలా సరిచేయాలా అని వాదనకు దిగారు. పగలగొట్టాలని ఒకడు, వద్దని ఇంకొకడు. కాగితం తెచ్చిన అమ్మాయి సుద్దముక్కతో గోడ మీదే లెక్క వేసింది. మొత్తం నలభై నాలుగు అంగుళాల్ని ఏడుకు పంచి, పగలగొట్టక్కర్లేదు, ఒక్కో మెట్టు మీదా సిమెంటు కాస్త కాస్త పెంచుకుంటూ పోతే చాలంది. మేస్త్రి లేచి తాపీ ఆమె చేతికిచ్చాడు. ఇరవై రెండేళ్లలో నా క్లాసులో మెట్ల గురించి ఎవరూ ఇలా కొట్టుకోలేదు. నాకు అసూయ వేసింది. ఆ వెంటనే ఆవిడ మీద గౌరవమూ కలిగింది, దాచుకోవడం దేనికి.

ఆ మధ్యాహ్నమే రిపోర్టు రాశాను. ఈ క్లాసు ఉండాలని, మేడం ఉండాలని మొదటి వాక్యం. నా నమూనా కాగితాన్ని దానికి జతచేసి, నేల గీత మీద ఎర్ర పెన్సిలుతో రెండంగుళాలు గీశాను. కింద ఇలా రాశాను: తప్పు నాది, ఇరవై రెండేళ్లుగా నేర్పుతున్నాను. సంతకం దగ్గర చెయ్యి కాసేపు ఆగింది. తర్వాత పెట్టేశాను.