టీసీ కాగితం ఊడిరాని రోజు

గుమాస్తా నరసింగరావు పొద్దున్నే ఆఫీసు తాళం తీసి, ఫ్యాను వేసి, టీ తాగేక గానీ టీసీ పుస్తకం ముట్టుకోడు. పంతొమ్మిదేళ్ళుగా అదే వరస. శృంగవరపుకోట అవతలున్న ఆ డిగ్రీ కాలేజీలో టీసీ ఇవ్వడమంటే మాటలా మరి! కారణం గడిలో అసలు సంగతి రాస్తేనే కాగితం చిల్లుల గీత దగ్గర ఊడి వస్తాది. లేదంటే కత్తెరకీ లొంగదు. మొన్న ఒకమ్మాయికి ‘పెళ్ళి’ అని రాస్తే కదల్లేదు. ‘ఇష్టం లేని పెళ్ళి’ అని రాసేక సర్రున వచ్చేసింది. దానికెవరూ వింతపడరు. వానొస్తే తలుపు బిగిసినట్టు, అంతే.

ఆ సోమవారం తాపీమేస్త్రీ ఏసుదానం తన కొడుకు ఎలీషాని తీసుకొచ్చేడు. కుర్రోడు బీఎస్సీ రెండో సంవత్సరం, క్లాసులో ఫస్టు.

“ఈడికి సదువు ఎక్కట్లేదంట బాబూ. నాతోపాటు పనికొచ్చేత్తాడంట. టీసీ ఇప్పించండి,” అన్నాడు ఏసుదానం.

నరసింగరావు ‘చదువు మీద ఆసక్తి లేదు’ అని రాసి లాగేడు. రాలేదు.

“ఒంట్లో బాగోలేదని రాయండి,” అంది పక్క బల్ల దగ్గర ఫైళ్ళు చూస్తున్న ప్రిన్సిపాల్ దుర్గాభవాని, తలెత్తకుండా. కొట్టేసి అలాగే రాసేడు. రాలేదు.

“ఇంకోటి సెప్పరా నాయనా, నా గోళ్ళరిగిపోతన్నాయి,” అన్నాడు నరసింగరావు.

ఎలీషా నేలచూపులు చూసేడు. “నా మనసు అమ్మాయిల మీద కాదు, అబ్బాయిల మీదే పోతాదని రాయండి సార్. హాస్టలంతా తెలిసిపోనాది.”

ఏసుదానం చేతిలో తువ్వాలు నలిగింది.

నరసింగరావు రాసేడు. ఇన్నాళ్ళూ ఆయన అనుకున్నదీ అదే. కుర్రోడు అలాంటోడు, అందుకే హాస్టల్లో గొడవలని. ధీమాగా లాగేడు. కాగితం కదల్లేదు.

“ఇది నిజమే కదేటి?”

“నిజమే సార్.”

“నిజమే గానీ, వెళ్ళిపోడానికి కారణం అది కాదన్నమాట,” అంది దుర్గాభవాని.

అప్పుడు గుర్తొచ్చింది నరసింగరావుకి. నెల కిందట ఈ పిల్లాడే, హాస్టలు గదిలోంచి తన పరుపు వరండాలోకి పారేసేరని ఫిర్యాదు రాసిచ్చేడు. ‘సర్దుకుపో బాబూ’ అని దాన్ని ఫైల్లో పెట్టేసింది తనే. మిగిలిన కాస్త జాగాలో రాసేడు: ‘మేం ఉండనివ్వలేదు.’

ఎవరూ లాగకుండానే కాగితం ఒక్కో చిల్లూ విడిపోతూ వచ్చింది. దుర్గాభవాని గబుక్కున లేచి, అరచెయ్యి దానిమీద అదిమింది.

“ఆగండి. దీనికింద నేను సంతకం పెట్టలేను. వార్డెన్ని పిలవండి. ఆ పరుపు పారేసినోళ్ళనీ పిలవండి.”

కాగితం సగంలో ఆగింది.

ఏసుదానం వంగి, ఆ అక్షరాలు కూడబలుక్కుని చదివేడు. “నాకెందుకు సెప్పలేదురా?”

“సెప్తే నువ్వూ ఉండనివ్వవేమోనని, నాన్నా.”

మేస్త్రీ కొడుకు భుజం మీద చెయ్యేసేడు.

“పద. నీ గదేదో సూపించు. నాను లోపలిదాకా వస్తాను.”