పేడపురుగు కోసం వచ్చిన కెమెరా

మా బావ పాలు పితుకుతూ సూర్యుడి గురించి చెప్తాడు. సూర్యుడి లోపల ఎంత వేడి ఉంటుందో చెప్పే చోటికి వచ్చేసరికి చేతిలో ధార ఆగిపోతుంది. ఆవు వెనక్కి తిరిగి చూస్తుంది. అప్పుడు నేను "బావా, పొదుగు" అంటాను. మళ్ళీ పితుకుతాడు. కాసేపటికి మళ్ళీ సూర్యుడి దగ్గరికి పోతాడు.

ఇదంతా ఫోన్లో డాక్యుమెంటరీలు చూసి నేర్చుకున్నది. తిమింగలాలు, అగ్నిపర్వతాలు, మనిషి పేగుల్లో కాపురముండే సూక్ష్మజీవులు, ఏదీ వదలడు. చూసినదాన్ని కడుపులో దాచుకోలేడు. పాలకేంద్రంలో ఆయనకి ప్రొఫెసర్ అని పేరు పెట్టారు. వాళ్ళు ఎగతాళికే పెట్టారు, ఆయన మర్యాదగానే పుచ్చుకున్నాడు. ఆయన క్యాను దించుతుంటే అక్కడున్న వాళ్ళందరికీ ఎక్కడో పని గుర్తొస్తుంది.

ఇంట్లో మా అక్కకి పారిపోయే వీలు లేదు. అందుకని ఊఁ కొట్టడం నేర్చుకుంది. కూరలు తరుగుతూ ఊఁ, బట్టలు మడతపెడుతూ ఊఁ. బావ ఊపిరి తీసుకునే చోట సరిగ్గా పడుతుంది. చెవికి తెలియకుండా నోరు చేసుకుపోయే పని అది.

ఆ మధ్య మా పశువుల పాక ముందు ఒక పేడపురుగు తనకంటే పెద్ద పేడ ఉండని తలకిందులుగా నిలబడి వెనక కాళ్ళతో తోసుకుపోతుంటే, బావ ఫోన్లో తీసి డాక్యుమెంటరీల వాళ్ళకి పంపాడు. వాళ్ళు వస్తామన్నారు. పురుగుని చూపిస్తూ మీరే నాలుగు మాటలు చెప్పాలి అన్నారట. ఆ కబురు వచ్చాక బావ కాళ్ళు నేల మీద ఆనలేదు. ఇన్నేళ్ళుగా చెప్తున్నాడు, వినే మనిషి లేడు. ఇప్పుడు ముక్కూ మొహం తెలియని వాళ్ళు కూర్చుని వింటారు. పాలకేంద్రంలో ఒక్కొక్కరినీ ఆపి, "తెర మీద చూద్దురుగాని" అన్నాడు.

అక్కకీ చెప్పాడు. ఎవరొస్తున్నారు, దేన్ని తీస్తారు, పేడ ఎందుకు కదపకూడదు, అన్నీ విడమరిచి చెప్పాడు. అక్క ఊఁ అంది. అందులో ఆమె చెవిన పడిన ముక్క ఒక్కటే. మన పాకని సినిమా తీస్తారు.

వాళ్ళు వచ్చే రోజు బావ గదిలో తలుపేసుకుని అద్దానికి ఉపన్యాసం చెప్తున్నాడు. నేను పాలు పోసి వచ్చేసరికి పాకని నేను గుర్తుపట్టలేకపోయాను. అక్క నేల కడిగేసింది. గోడలకి సున్నం కొట్టింది. ఆవులకి ఒళ్ళు తోమి తోకలు దువ్వింది. వాకిలంతా ఫినాయిల్ చల్లింది. ఆవులు చుట్టాలింటికి వచ్చిన కొత్తకోడళ్ళలా ముడుచుకుని నిలబడ్డాయి.

"పేడేదే అక్కా?"

"కెమెరా వాళ్ళొస్తుంటే పేడ ఉంచుతానా? చూసినవాళ్ళు నన్ను కదరా అనేది."

నేను ఖాళీ క్యాను బోర్లించాను. మా ఇంట్లో మాటల వాటా అంతా బావ వాడేస్తాడు.

అంతలో వ్యాను వచ్చింది. డైరెక్టరమ్మ దిగింది, వెనకాలే కెమెరా అతను. బావ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో ఎదురొచ్చి, పాక వైపు చెయ్యి చాపి, చాపిన చెయ్యి అలాగే ఉంచేశాడు.

"పొద్దుటి నుంచి నడుం పడిపోయిందమ్మా" అంది అక్క, మెచ్చుకుంటారని.

"చాలా బాగుందండీ" అంది డైరెక్టరమ్మ. "కాకపోతే మేం పేడ కోసం వచ్చాం."

అక్క ఆమెని చూసింది, వ్యానుని చూసింది. "పేడ కోసం ఇంత దూరం వచ్చారా? మీ వైపు దొరకదా?"

"నీకు చెప్పానుగా" అన్నాడు బావ. "రెండుసార్లు చెప్పాను. ఊఁ అన్నావు."

"అంటాను. అనకపోతే మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంటారుగా."

డైరెక్టరమ్మ ఆకాశం వైపు చూసింది. మధ్యాహ్నం దాకా ఆగుతామంది. ఈలోగా పురుగు కనపడకపోతే వేరే ఊళ్ళో ఇంకెవరిదో పాక ఉందట, అక్కడ తీసుకుంటారట. బావ మొహంలో నెత్తురు లేదు. ఆ ఇంకెవరో కూడా నాలుగు మాటలు చెప్తాడు కదా.

అందరం ఆవుల వెనక నిలబడ్డాం. కెమెరా అతను నల్లావు తోకకి గురిపెట్టాడు. బావ దాని వీపు నిమురుతూ, "నీకేం తక్కువ చేశానే తల్లీ" అని బతిమాలాడు. అది నెమరు వేయడం కూడా మానేసింది.

"అలా గుడ్లప్పగించి చూస్తుంటే మనకైనా వస్తుందా" అంది అక్క.

చివరికి అటు పక్కనున్న ఎర్రావు తోకెత్తింది. కెమెరా అటు తిరిగేలోపల అక్క పార పెట్టి, పడింది పడినట్టే ఎత్తి గంపలో వేసేసింది. అందరూ ఆమె వైపే చూశారు.

"అలవాటు" అంది అక్క.

బావ మెట్టు మీద కూలబడ్డాడు. "వాళ్ళని వెళ్ళమని చెప్పరా" అన్నాడు నాతో. అక్క ఆయన మొహం చూసి పార గోడకి ఆనించింది.

"పొద్దున ఎత్తిందంతా ఏం చేశావే?" అన్నాను.

"ఏం చేస్తాను, పెరటి వెనక కుప్పలో పోశాను."

డైరెక్టరమ్మ మా అందరికంటే ముందు అక్కడుంది. కుప్ప మీద పురుగులు ముసిరి ఉన్నాయి. ఒకటి అప్పటికే ఉండ చేసేసింది. కెమెరా అతను బోర్లా పడుకున్నాడు. బావ తెల్లచొక్కాతోనే మోకాళ్ళ మీద కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"అనాదిగా ఈ భూమండలంపై జీవరాశి..."

"మామూలుగా చెప్పండి సార్" అంది ఆమె.

"అలాగే. అనాదిగా ఈ భూమండలంపై..."

"ఎదురుగా మనిషి ఉన్నాడనుకుని చెప్పండి సార్."

బావకి ఎదురుగా మనిషి ఉండటం అలవాటు లేదు. మూడోసారీ అనాదిగానే వచ్చింది. డైరెక్టరమ్మ కెమెరా అతనితో మెల్లగా, "పురుగు వరకు తీసుకుని వెళ్ళిపోదాం" అంది. బావ విననట్టు పక్కకి జరిగి చొక్కా దులుపుకున్నాడు. అది దులిపితే పోయేది కాదు.

అక్క వంగి పురుగునే చూస్తోంది. "ఏవండీ, ఇదేంటి ఉండ మీదకెక్కి గిరగిరా తిరుగుతోంది? కళ్ళు తిరిగాయా దీనికి?"

బావ ఆమె వైపు చూశాడు. తననేనా అడిగింది అన్నట్టు నా వైపూ చూశాడు.

"సూర్యుడు ఏ పక్కనున్నాడో చూసుకుంటోంది" అన్నాడు. "దాన్నిబట్టి తిన్నగా పోతుంది."

"ఇంటికా?"

"ఇల్లూ లేదు, వాకిలీ లేదు. ఈ కుప్పకి దూరంగా పోవాలి, అంతే. ఇక్కడే ఉంటే పక్కది వచ్చి లాక్కుంటుంది. ఎక్కడో మెత్తటి చోట పాతుకుని కూర్చుని తింటుంది."

"ఒక్కతేనా?"

"ఒక్కోసారి ఒక్కతే."

"చెవి దగ్గర ఎవరూ మాట్లాడరా?"

"ఎవరూ ఉండరు."

"పెట్టి పుట్టింది" అంది అక్క.

కెమెరా అతని భుజాలు కదిలాయి గాని కెమెరా కదల్లేదు. డైరెక్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఇంకా అడగమని అక్కకి సైగ చేసింది. అక్క ఆ సైగ చూడలేదు. ఆమె పాటికి ఆమె అడుగుతూనే ఉంది. ఇంత బరువు ఎలా తోస్తుంది, వెనక్కి నడుస్తుంటే దారెలా తెలుస్తుంది, ఆడదా మగదా. బావ చిన్న చిన్న మాటల్లో చెప్పాడు. ఆడదా మగదా అన్నదానికి మాత్రం తెలీదన్నాడు.

"ఇది చాలు సార్" అంది డైరెక్టరమ్మ లేస్తూ. "మీ ఇద్దరి మాటలే పెడతాం."

"అనాదిగా అన్నది కూడానా?" అన్నాడు బావ ఆశగా.

"అది వద్దు సార్."

వ్యాను దాకా నేనే సాగనంపాను. తిరిగొచ్చేసరికి ఇద్దరూ కుప్ప పక్కనే గొంతుక్కూర్చుని ఉన్నారు. పురుగు ఉండతో సహా ఒక గుంటలో పడింది.

"పైకి తీయనా?" అంది అక్క.

"వద్దు. ఎలా ఎక్కుతుందో చూడు."

"ఎంతసేపు పడుతుంది?"

"ఆకలేస్తోంది" అన్నాను నేను. ఇద్దరూ ఒకేసారి ఊఁ అన్నారు గాని, ఒక్కరూ లేవలేదు.