కాల్చిన నేల

మా ఆయన ఇంటికొచ్చి తొమ్మిది రోజులైనా ఒక్క పూట కూడా కుదురుగా కూర్చుని అన్నం తినలేదు. కంచం చేత్తో పట్టుకుని వాకిట్లో తిరుగుతూ తినేవాడు. రెండు ముద్దలు తిని మిగతాది కోళ్ళకు వేసేవాడు. ఆ తొమ్మిది రోజుల్లో మా ఇంట్లో బాగుపడింది కోళ్ళే.

ఆయన పేరు బొజ్జయ్య. మాది దుమ్ముగూడెం నుంచి అడవి వైపు పోతే వచ్చే చిన్న ఊరు. నేను అక్కడి అంగన్‌వాడీలో పనిచేస్తాను. ఆయన రెండేళ్ళుగా హైదరాబాద్ అవతల, మిలటరీ విమానాలు దిగే మైదానంలో కాంట్రాక్టు కూలీ. కొత్తగా చేరినవాళ్ళకు అక్కడ విమానం నడపడం నేర్పుతారు. రన్‌వే పక్కన గడ్డి పెరగకుండా చూడటం ఆయన పని. మా ఆయన విమానాల దగ్గర పనిచేస్తాడని ఊరంతా చెప్పుకునేదాన్ని. గడ్డి సంగతి మాత్రం ఎత్తేదాన్ని కాదు.

ఆ మైదానంలో ఒక సోమవారం పొద్దున విమానం లేచిన నిమిషానికే కూలింది. నేర్పే ఆఫీసరు, నేర్చుకుంటున్న కుర్రాడు, ఇద్దరూ పోయారు. పక్షులు తగిలాయని టీవీలో చెప్పారు. పిలిచేదాకా రావద్దని కూలీలందర్నీ ఇళ్ళకు పంపేశారట. కళ్ళెదుట ఇద్దరు మనుషులు పోతే ఎవరికైనా మనసు చెదురుతుంది, నాలుగు రోజుల్లో సర్దుకుంటాడులే అనుకున్నాను.

సర్దుకోలేదు. పైగా అది ఇప్పపువ్వు రాలే కాలం. ఏటా పువ్వు మొదలయ్యే ముందే చెట్టు కింద ఎండాకు కాల్చి నేల శుభ్రం చేస్తాం. నల్లటి నేల మీద పువ్వు తెల్లగా కనపడుతుంది, ఏరడం తేలిక. ఆ పనిలో మా ఊళ్ళో ఆయన్ని మించినవాడు లేడు. చేతిలో పచ్చి మండ పట్టుకుని, మంట ఎంత దూరం పోవాలో అంతవరకే పోనిస్తాడు. అలాంటి మనిషి ఈసారి అగ్గిపెట్టె ముట్టనన్నాడు.

తొమ్మిదో రోజు పొద్దున్నే ఇద్దరం చెట్టు దగ్గరికి పోయాం. పువ్వు అప్పుడే మొదలై, రాలిందల్లా ఆకుల్లో పడి మాసిపోతోంది.

"నువ్వు కాలుస్తవా, నన్ను కాల్చమంటవా?" అన్నాను.

"చీపురుతోని ఊడువు."

"గింత పెద్ద చెట్టు కింద చీపురా? నా నడుం ఏం గావాలె?"

ఆయన చెట్టు చుట్టూ ఒకసారి తిరిగాడు, వాగు దాకా పోయాడు, మళ్ళీ వచ్చాడు. నాకు ఒళ్ళు మండింది. కొంగున కట్టుకున్న అగ్గిపెట్టె తీసి పుల్ల గీయబోయాను. ఒక్క ఉరుకున వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. పద్నాలుగేళ్ళ కాపురంలో ఆయన నన్ను అంత గట్టిగా పట్టుకోవడం అదే మొదలు.

"ఆడ ఏం జేసొచ్చినవ్?" అన్నాను.

అప్పుడు చెప్పాడు. అదీ ఒకచోట నిలబడి కాదు, తిరుగుతూనే.

ఆ వారం గడ్డి కోసే మిషన్ చెడిపోయిందట. సోమవారం పెద్ద ఆఫీసర్లు చూడటానికి వస్తున్నారు. "ఏం జేస్తవో నాకు తెల్వది, రన్‌వే కొసన గడ్డి కనపడొద్దు" అన్నాడట సూపర్‌వైజర్ మంగీలాల్. ఆదివారం విమానాలు ఎగరవు. గాలి చూసుకుని, పచ్చి మండ పట్టుకుని, ఆ కొసన ఎండుగడ్డినంతా ఈయన ఒక్కడే కాల్చేశాడు. దూరం నుంచి పొగ చూసినవాళ్ళు కంచె బయట ఎవరో చెత్త కాలుస్తున్నారనుకున్నారు. అక్కడ గడ్డి కాల్చకూడదని ఈయనకు ఎవరూ చెప్పలేదు. కాల్చవచ్చా అని ఈయనా అడగలేదు.

కాల్చిన నేల మీదకు పిట్టలు దిగుతాయని మా ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. వేగిపోయిన మిడతలుంటాయి, దాక్కునే చోటు లేక బయటపడ్డ పురుగులుంటాయి. సోమవారం తెల్లారేసరికి అక్కడ గద్దలు, కొంగలు, గోరింకలు నేల కనపడకుండా దిగాయట.

"ఇమానం మోత ఇనపడ్డది. పిట్టల్ని ఎల్లగొడదామని ఉరికిన. తువ్వాల ఊపిన, కేకలేసిన. లేసినయ్. అన్నీ ఒక్కపాలే లేసినయ్."

అక్కడితో ఆపాడు. విమానం కూడా ఆ కొసనే పడి మండిందట. అందుకే నేలంతా ఆ మంటకే కాలిందని అందరూ అనుకున్నారు. ఈయన పెట్టిన నిప్పు గురించి ఎవరికీ అనుమానం రాలేదట.

ఆ దిక్కుమాలిన ఆలోచన నీకెట్లా వచ్చిందని అరవబోయి నోరు మూసుకున్నాను. ఎట్లా వచ్చిందో నాకు గుర్తొచ్చింది. ఆ శనివారం ఫోన్ చేసి, మిషన్ చెడిపోయింది, ఒక్కణ్ణి ఎట్లా కొయ్యాలె అని మొత్తుకున్నాడు. నేను కూర తరుగుతూ నవ్వాను. "ఇప్పచెట్టు కింద కాలుస్తవ్ గద, గట్లనే కాల్చు. గడ్డికి గుడ మిషన్ గావాల్నా?" అన్నాను.

తొమ్మిది రోజులుగా ఆయన ఆ మాట గుర్తు చేయలేదు. ఇప్పుడు అంతా చెప్పినప్పుడు కూడా ఆ మాటొక్కటి వదిలేసి చెప్పాడు.

నేను మంచిదాన్నని చెప్పుకోను. నాకు ముందు వచ్చింది భయం. "ఎవ్వరికీ తెల్వదు గద. నోరు మూసుకొని ఉండు," అన్నాను. పోయినవాళ్ళు ఎట్లాగూ తిరిగిరారు, ఉన్నవాణ్ణి జైలుకు పంపుకోవడం ఎందుకని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మధ్యాహ్నం అంగన్‌వాడీలో కొందరు పిల్లలకు గుడ్లు రెండుసార్లు పెట్టి, ఇద్దరికి అసలే పెట్టలేదు.

ఇంటికి రాగానే ఫోన్ మోగింది. హాజిరా. ఆమె మొగుడు ఫజల్‌ది ఖమ్మం. మైదానం గేటు బయట మటన్ కొట్టు నడుపుతాడు. ఆ కొట్టు వెనక గదిలోనే మా ఆయన కిరాయికి ఉండేది. ఒకసారి నేను అక్కడికి పోయి జ్వరంతో పడుకుంటే నాలుగు రోజులూ గంజి కాచిపెట్టింది హాజిరానే.

"అక్కా, మా కొట్టుకు సీలేసిన్రు. మీ మాంసం చెత్తకే పిట్టలొచ్చినయని రోజూ పోలీసుటేషన్‌కు పిలుస్తున్రు. ఇద్దర్ని సంపింది మీరే అంటున్రక్కా గల్లీల. మేం చెత్తంత గుంటల పూడ్చి సున్నం జల్లుతం. బొజ్జన్న దినాం చూసేటోడు. గా ఒక్క ముచ్చట వచ్చి ఆఫీసర్లకు చెప్పమనక్కా. ఇంకేం అడగను."

"చెప్త చెల్లె," అన్నాను.

ఫోన్ పెట్టేసరికి, మాటలు వినపడ్డాయి కాబోలు, మా ఆయన చొక్కా వేసుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు.

"గుంట పూడుస్తరని చెప్పు, చాలు," అన్నాను. "అగ్గి ముచ్చట ఎత్తకు."

"మరి పిట్టలెందుకొచ్చినయ్ అంటరు. ఏం జెప్పాలె?"

అంగన్‌వాడీ తాళాలు పక్కింటామెకు ఇచ్చి, మర్నాడు ఆయనతో పాటు భద్రాచలంలో బస్సెక్కాను. దారిలో మంగీలాల్ ఫోన్ చేశాడు. మేం వస్తున్నామని ఎట్లా తెలిసిందో ఏమో. "నువ్వు కాల్చలే, నేను చూడలే. సమజైందా?" అన్నాడు. నిప్పు సంగతి అతనికి ముందే తెలుసన్నమాట. మా ఆయన ఫోన్ నా చేతికిచ్చాడు. నేను కట్ చేశాను. కొత్తగూడెం దాటేదాకా ఆయన సీట్లో కూర్చోలేదు. ఇన్ని సీట్లు ఖాళీగా ఉంటే ఈయనకేం రోగమన్నట్టు కండక్టరు చూశాడు.

పదకొండో రోజు పొద్దున మమ్మల్ని మైదానం ఆఫీసులో ఒక గదిలోకి పిలిచారు. బల్ల వెనక ముగ్గురు ఆఫీసర్లు. మధ్యలో కూర్చున్న ఆఫీసరుకు తెలుగు వచ్చు. కుర్చీ చూపించి కూర్చోమన్నా మా ఆయన కూర్చోలేదు. ముందు ఫజల్ సంగతి చెప్పాడు, గుంట, సున్నం, అన్నీ. తర్వాత ఆగకుండా నిప్పు సంగతి చెప్పాడు. కిటికీ పక్కన కూర్చున్న ఆఫీసరు రాయడం ఆపి తలెత్తాడు.

"కాల్చమని ఎవరు చెప్పారు?"

"ఎవ్వరు చెప్పలే సార్. నా బుద్ధే."

నాకు ఆ క్షణంలో ఆయన మీద చచ్చేంత కోపం వచ్చింది. ఇన్ని రోజులు ఆ బరువు ఒక్కడే మోసింది చాలదా.

"నేను చెప్పిన సార్, ఫోన్ల," అన్నాను.

మా ఆయన నా వైపు తిరిగాడు. నాకు గుర్తులేదనుకున్నాడు కాబోలు.

మధ్యలో ఉన్న ఆఫీసరు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. నెమ్మదిగా అడిగాడు, "కాల్చిన చోటికి పక్షులు వస్తాయని మీకు తెలుసా అమ్మా?"

తెలియదని అనొచ్చు. అడవి మనుషులు, వీళ్ళకేం తెలుసు అని వదిలేసేవాళ్ళేమో. కానీ తెలియదంటే గేటు బయట ఫజల్ కొట్టుకు వేసిన సీలు అట్లాగే ఉంటుంది.

"తెలుసు సార్. ఎప్పుడూ వస్తయ్. మా కాడ గవి వస్తే మంచిదే. పిల్లలు సంబురపడతరు."

ఫజల్ సంగతి రాసుకున్నామని, మేం ఊరు దాటి ఎక్కడికీ పోవద్దని చెప్పి ఆఫీసరు కాగితాలు సర్దుకున్నాడు. మాకు ఏం జరుగుతుందో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు. అప్పుడు మా ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, కదలకుండా కూర్చున్నాడు.

బయట విమానం మోత మొదలైంది. బల్ల వెనక ముగ్గురూ ఆకాశం వైపు చూశారు. మేమిద్దరం కిటికీలోంచి ఆ కొసన నల్లగా ఉన్న నేల వైపు చూశాం, ఏమైనా వాలాయేమోనని.