సుఖాల బల్ల మీద గాభరా

ఏడో తరగతిలో లెక్కల మాస్టారూ నేనూ ఒకరి ముఖం ఒకరం చూడలేక విడిపోయాం. ఆ తర్వాత నానా పనులూ చేసి, చివరికి ఈ పరిశోధన కేంద్రం గ్రీన్‌హౌస్‌లో తేలాను. మొక్కలకి నీళ్లు పోయడం నా పని. సగం మొక్కలకి పోయకపోవడం కూడా నా పనే. పోయనందుకు కూడా జీతమిస్తారు. లోకం నాకు చేసిన మర్యాద అదొక్కటే.

మా అక్క కూతురు ఇక్కడే డాక్టరేటు కోసం చదువుతోంది. దానివి రెండు బల్లలు. గోడకి ఆనించిన బల్ల మీది మొక్కల్ని నీళ్లివ్వకుండా ఎండగడతాం. అది కష్టాల బల్ల. గది మధ్యలో ఉన్నది సుఖాల బల్ల. దాని మీదివాటికి వేళకి నీళ్లు, నీడ, సకల మర్యాదలు. ఈ పేర్లు నేను పెట్టినవే. ఒక్కో కుండీలోంచి ఒక్కో ఆకు తుంచి, చలికి పొగలు కక్కే డబ్బాలో వేసి పంపిస్తే, లోపల ఏ జన్యువు ఎంత గట్టిగా పనిచేస్తోందో అంకెల రూపంలో తిరిగొస్తుంది. మొక్కకి దాహమేస్తే వేల జన్యువుల్లో కొన్ని లేస్తాయి, కొన్ని పడుకుంటాయి. వాటిని లేపే పెత్తందారు జన్యువు ఒకడుంటాడు. రెండు బల్లల అంకెల్నీ కంప్యూటర్లో పోల్చి వాణ్ణి పట్టుకోవాలి. డాక్టరేటిచ్చే కమిటీ ముందు వాణ్ణి నిలబెడితే మా పిల్ల గట్టెక్కినట్టు. లేకపోతే చేసిందంతా మళ్లీ మొదట్నుంచి.

కమిటీ రేపనగా పొద్దున్నే పరిగెత్తుకొచ్చింది. "మామయ్యా, మునిగిపోయాను! సుఖాల బల్ల కూడా గాభరా పడుతోంది!"

"నీళ్లు పోశానే పిల్లా. నా సొంత మొక్కలకి కూడా అంత శ్రద్ధగా పోయను."

"నీకు సొంత మొక్కలెక్కడివి?"

"అందుకే పోయనన్నాను."

కంప్యూటర్ గదిలో చుక్కలాయన కూర్చుని ఉన్నాడు. ఎవరేమడిగినా తెర మీద చుక్కలు పెట్టి చూపిస్తాడు కాబట్టి ఆ పేరు. "దాహం కాదండీ," అన్నాడు నాతో. "దాహం జన్యువులు హాయిగా పడుకునే ఉన్నాయి. లేచినవి వేరే. ఎవరో పదే పదే తాకితే లేచేవి. ఈ గోలలో పెత్తందారు కనపడట్లేదు."

"తాకితే మొక్కకి తెలుస్తుందా?"

"ఎందుకు తెలీదు? గాలి ఊపినా, పురుగు పాకినా తెలుస్తుంది."

"ఇంట్లో నేను రోజంతా అడ్డంగా తిరిగినా ఎవరికీ తెలీదయ్యా. మొక్కే నయం."

అంతలో మేడం వచ్చింది. మా పిల్లకి గైడు, గ్రీన్‌హౌస్‌కి మహారాణి. తలుపు మీద 'ముట్టుకోవద్దు' అని ఎర్ర అక్షరాలతో రాసి అంటించింది ఆవిడే. సంగతి విని కళ్లజోడు తీసి తుడిచింది. ఆవిడ కళ్లజోడు తుడిచిందంటే ఎవరికో మూడిందన్నమాట.

"సుఖాల బల్ల చెడితే ప్రయోగమే లేదు. ముట్టుకున్నదెవరో సాయంత్రంలోగా తేల్చండి. లేదంటే రేపు రావద్దని కమిటీకి నేనే ఫోన్ చేస్తాను." అని నా వంక చూసింది.

"నన్ను చూస్తారేంటి మేడం?"

"పైపు ఉండేది ఎవరి చేతిలో?"

ఆవిడ వెళ్లిపోయింది. ఏం జరిగినా పైపు పట్టుకున్నవాడి మీదికే రావాలి కదా! చుక్కలాయన మాత్రం ఏదో ఆలోచించి, కుండీల్ని బల్ల మీద ఏది ఎక్కడుందో అలాగే తెర మీద పేర్చాడు. తాకుడు తగిలినవాటికి ఎరుపు, తగలనివాటికి ఆకుపచ్చ. ముగ్గురం నోళ్లు తెరిచాం. బల్ల అంచు పొడుగునా చుట్టూ ఎర్రటి వడ్డాణం! మధ్యలో అంతా పచ్చగా నిశ్చింతగా ఉంది. స్తంభం ఉన్న మూల మాత్రం వడ్డాణం తెగింది.

"పైపైతే మధ్యలోవి కూడా ఎర్రబడాలి," అన్నాడు చుక్కలాయన. "మీరు కాదండీ."

"ఆ మాట కాగితం మీద రాసివ్వు బాబూ."

"ఎవరో దీని చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నారు!" అంది మా పిల్ల. "స్తంభం దగ్గర పక్కకి తప్పుకుంటున్నారు."

మధ్యాహ్నం భోజనాల వేళ గ్రీన్‌హౌస్‌లో ఎవరూ ఉండరు. చేసేవాళ్లు అప్పుడే చేయాలి. ముగ్గురం వెళ్లి మట్టి బస్తాల వెనక నక్కాం. చుక్కలాయన మోకాలు నా వీపులో, మా పిల్ల మోచెయ్యి నా చెవిలో. తలుపు కిర్రుమంది.

మేడం!

అటూ ఇటూ చూసింది. చేతి గడియారం నొక్కింది. గొంతు సవరించుకుని ఏదో కూనిరాగం అందుకుని, కవాతుకి బయల్దేరినట్టు రెండు చేతులూ ఊపుకుంటూ సుఖాల బల్ల చుట్టూ నడక మొదలెట్టింది! చెయ్యి వెనక్కి వెళ్లినప్పుడల్లా అంచున ఉన్న ఆకులకి టపటపా దెబ్బలు. స్తంభం దగ్గరికి రాగానే మోచెయ్యి నడుముకి ఆనించి, ఒయ్యారంగా మలుపు తిరిగి, మళ్లీ టపటపా.

మా పిల్ల కోటు చేతిని నోట్లో కుక్కుకుంది. చుక్కలాయన నవ్వాపుకోలేక వణుకుతుంటే బస్తాలు కూడా వణికాయి. పైదొకటి జారి దభీమని పడింది. మట్టి దుమ్ములోంచి ముగ్గురం దగ్గుతూ లేచాం.

"ఏం చేస్తున్నారక్కడ?" అంది మేడం, ఆగకుండానే.

"ముట్టుకున్నవాళ్లని పట్టుకుంటున్నాం మేడం," అంది మా పిల్ల.

"దొరికారా? ఆగితే నా అడుగుల లెక్క పోతుంది, వెనకాలే నడుస్తూ చెప్పండి."

ఏం చేస్తాం? చేతులు కట్టుకుని వరసగా ఆవిడ వెనకాల తిరిగాం. రెండో చుట్టులో మా పిల్ల నా వీపు మీద పొడిచింది. చుక్కలాయన దాన్ని పొడిచాడు. నాకెలాగూ పోయే పరువు లేదు.

"మేడం, తమరి ఎడం చెయ్యి..."

"ఏమైంది నా చేతికి?"

"దానికేం కాలేదండీ. దాని వల్లే మొక్కలకి..."

మేడం ఆగింది. చెయ్యి చూసుకుంది. పక్కనున్న ఆకు చూసింది. మళ్లీ చెయ్యి. "బయట ఎండ. నడిచేటప్పుడు చేతులు బాగా ఊపమన్నాడు డాక్టరు," అంది నీరసంగా. "ముట్టుకోవద్దని నేనే రాశాను కదయ్యా!"

"ఊపద్దని రాయలేదు కదండీ," అన్నాను.

ఆవిడ నవ్వడం మొదలెట్టింది. నేనక్కడ చేరాక ఆవిడ పళ్లు చూడ్డం అదే మొదలు. కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వి, స్తంభాన్ని పట్టుకుని నిలబడి, "మధ్యలోవాటికి నా చెయ్యి అందదు," అంది. "ఎర్రవాటిని లెక్కలోంచి తీసేయండి. ఎందుకు తీసేశారో దాచకుండా రాయండి. నా నడక సంగతితో సహా."

చుక్కలాయన పచ్చవాటినే ఉంచి లెక్క మళ్లీ తిప్పాడు. తెర మీద లెక్క ఎంతైందో చూపే గీత చీమలా పాకింది. దాంతోపాటు మా పిల్ల గోళ్లు కూడా అరిగాయి. మేడం కూర్చోలేక నిలబడలేక గదిలో తిరుగుతోంది, చేతులు వెనక్కి కట్టుకుని.

అప్పుడు తేలాడండీ పెత్తందారు! అందరికంటే పైన ఒక్కడు, వాడి కింద వాడు లేపిన బలగమంతా. మా పిల్ల కెవ్వున అరిచి నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది. కుర్ర వయసులో నన్నెవరూ తిప్పలేదు, ఈ వయసులో తిప్పితే తట్టుకునేదెలా?

మర్నాడు కమిటీ గదిలో నీళ్ల గ్లాసులు పెట్టే వంకతో నేనూ తలుపు పక్కన నిలబడ్డాను. మా పిల్ల అదురుతూ బెదురుతూ అంతా చెప్పింది. మధ్యలో కూర్చున్న బట్టతల పెద్దాయన తెర మీది వడ్డాణం చూసి, "ఎవరో నడిస్తే ఇంత గాభరానా? నమ్మమంటారా?" అన్నాడు. మా పిల్ల మేడం వంక చూసింది.

మేడం లేచింది. "నమ్మకపోతే చూడండి. నేను ఇలా నడిచాను," అని కమిటీ బల్ల పక్కనే కవాతు మొదలెట్టింది. ఎడం చెయ్యి ఒక్క ఊపు ఊపిందో లేదో, పెద్దాయన ముందున్న గ్లాసు ఎగిరి ఆయన ఒళ్లో బోర్లా పడింది.

పెద్దాయన తడిసిన లాగు కేసి చూసుకున్నాడు. నేను తుడుపుగుడ్డతో పరిగెత్తాను.

"తుడవకయ్యా," అన్నాడాయన చెయ్యెత్తి. "సాక్ష్యం." అని కలం తీసి, మా పిల్ల గట్టెక్కినట్టు కాగితం మీద తడి చేత్తోనే సంతకం పెట్టేశాడు.