అమ్మవారి పేరున్న తాళం

అమ్మవారి పేరు చెప్పి వేసిన తాళాన్ని పరాయి చెయ్యి తియ్యలేదని పామర్రులో చేపల వ్యాపారం చేసే మణెమ్మ బంధువర్గంలో గట్టి నమ్మకం. పడవకు, వ్యానుకు, ఇనప్పెట్టెకు అన్నిటికీ పోలేరమ్మ పేరే. రెండువేల ఎనిమిదిలో శీతల గది గోడకు టచ్ ప్యానెల్ బిగించినవాళ్ళు వైర్‌లెస్ నెట్‌వర్కుకు ఏం పేరు పెట్టమంటారని అడిగితే ఆమె పోలేరమ్మ అంది. పాస్‌వర్డ్ ఏమిటంటే అదీ పోలేరమ్మే అంది. షెడ్డు ముందు గోడ మీద నిలువెత్తు ఎర్రక్షరాల్లో ఉన్న పేరూ అదే.

ఆ నమ్మకం నిజమైతే తప్పు గది చూసుకునే పనివాడు రాముడిది. మైనస్ పద్దెనిమిది డిగ్రీల దగ్గర ఉండవలసిన గది రెండుసార్లు మైనస్ ఎనిమిదికి వచ్చింది. రెండుసార్లూ కరెంటు పోయి వచ్చాకే వచ్చింది. రెండుసార్లూ గది దగ్గర ఉన్నది రాముడొక్కడే. రొయ్యలు మెత్తబడ్డాయి. కొనడానికి వచ్చినవాళ్ళు పెదవి విరిచి వెళ్ళిపోయారు. భర్త బతికున్న రోజులనుంచి నమ్ముకున్న మనిషే అయినా, సాయంత్రానికల్లా రాముణ్ణి పంపించెయ్యాలని మణెమ్మ నిశ్చయించుకుంది. ఇకపై ప్యానెల్‌ను ఇంకెవరూ ముట్టకుండా చెయ్యమని విజయవాడ కంపెనీకి ఫోను చేసింది.

కంపెనీ పంపిన క్రిస్టినా గుణదల అమ్మాయి. తలుపు మూసేముందు లోపల ఎవరున్నారో చూడాలన్నది ఆమె పద్ధతి. అందుకని ప్యానెల్‌కు తాళంగా పిన్ నంబరు పెట్టే సంగతి పక్కన పెట్టి, తెర మీద సెట్టింగ్స్ తెరిచి, చుట్టుపక్కల అందుతున్న నెట్‌వర్కులేమిటో చూసింది. పోలేరమ్మ అన్న పేరు రెండుసార్లు కనబడింది. ఒకటి బలంగా ఉంది, రెండోది నీరసంగా ఉంది.

రెండోది ఎవరిదని అడిగింది. సందుకు అవతల ఐసు ఫ్యాక్టరీ తన మరిది తిరుమలరావుదని, అక్కడా ఇదే కంపెనీ ప్యానెల్ ఉందని మణెమ్మ చెప్పింది.

"ఆయన పాస్‌వర్డ్ ఏంటో మీకు తెలుసాండీ?"

"పోలేరమ్మ కాక ఇంకేముంటుందమ్మాయ్? మాకు వేరే దేవతుందా?"

క్రిస్టినా నవ్వు ఆపుకుంది. గదిని చల్లబరిచే యంత్రానికున్న పెట్టె మూత తీసి, ప్యానెల్ దాన్ని గుర్తుపట్టే నంబరు చూసింది. సందు దాటి వెళ్ళి, తిరుమలరావు యంత్రం నంబరు కూడా చూసింది. రెండూ ఒకటే. కంపెనీనుంచి వచ్చేటప్పుడు అన్నిటికీ ఒకటే నంబరు ఉంటుంది. బిగించేటప్పుడు మార్చవలసినది తన కంపెనీవాళ్ళే, వాళ్ళు మార్చలేదు. ఆ మాట దాచకుండా ఇద్దరికీ చెప్పింది.

కరెంటు వచ్చాక ఏం చేస్తారని తిరుమలరావును అడిగింది. ఐసు తొట్టి చల్లదనం పోకుండా, ప్యానెల్ మీద మైనస్ ఎనిమిది మరోసారి నొక్కడం తనకు అలవాటని, ఈమధ్య రెండుసార్లు మాత్రం కరెంటు వచ్చీ రాగానే నొక్కానని అన్నాడు. ఆయన రూటరు మందపాటి గోడల వెనక ఉంది. కరెంటు వచ్చాక మేలుకోవడానికి కొంతసేపు పడుతుంది. మణెమ్మ రూటరుకు బ్యాటరీ ఉంది, అసలు నిద్రేపోదు.

క్రిస్టినాకు లెక్క తేలిపోయింది: ఆయన రూటరు మేలుకునేలోపు ఆయన ప్యానెల్ అదే పేరూ అదే పాస్‌వర్డూ ఉన్న మణెమ్మ నెట్‌వర్కులో చేరుతోంది, నొక్కిన అంకె అదే నంబరున్న ఆమె యంత్రానికి వెళ్తోంది. కానీ మణెమ్మ కళ్ళతో చూడకుండా నమ్మే మనిషి కాదు. అందుకే ఆమెను సెల్‌ఫోనుతో తన ప్యానెల్ ముందు నిలబడమంది. రాముణ్ణి ఆమె పక్కనే చేతులు కట్టుకుని నిలబడమంది. తను ఫ్యాక్టరీలోనే ఉండి మెయిన్ స్విచ్చి తీయించి, కాసేపు ఆగి మళ్ళీ వేయించింది. ఆ రెండుసార్లు చేసినట్టే చెయ్యమంటే తిరుమలరావు తెర మీద మైనస్ ఎనిమిది నొక్కాడు.

ఫోనులో మణెమ్మ తన తెర మీద మారిన అంకె చదివింది.

"ఎనిమిదైందమ్మాయ్," అంది మణెమ్మ. "రాముడి చేతులు నా కళ్ళెదుటే ఉన్నాయి."

తిరుమలరావు ఫోను అందుకున్నాడు. "రెండుసార్లూ నీ రొయ్యల్ని పాడుచేసింది నేనా వదినా?"

"నువ్వే. అమ్మవారు తలుపు తీసిపెట్టింది, నువ్వొచ్చి కూర్చున్నావు."

క్రిస్టినా తిరిగి వచ్చేసరికి గది మళ్ళీ మైనస్ పద్దెనిమిదికి పెట్టి ఉంది. ఆమె యంత్రం నంబరు మార్చింది. రూటరులో నెట్‌వర్కు పేరు మార్చి, డబ్ల్యూపీఏ2 అనే గట్టి సెక్యూరిటీ ఎంచుకుంది. పాస్‌వర్డ్ దగ్గర వేలు ఆపి మణెమ్మ వైపు చూసింది.

"అమ్మవారి పేరు తీసేస్తే ఆమెకు కోపం రాదా?" అంది మణెమ్మ.

"గోడ మీద ఉండనివ్వండి. అందరూ చూసి దణ్ణం పెట్టుకునే పేరు తాళానికి పనికిరాదండీ."

మణెమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "గుణదల పిల్లవి. మీ ఇంట్లో ఏం పేరు పెట్టారేంటి?"

క్రిస్టినా తెర మీదికి చూపు తిప్పుకుంది. "మేరీమాత," అంది. "నాన్న పెట్టారండీ. ఇంటికెళ్ళగానే మార్చేస్తాను."

రాముడు ఆ రోజు మొదటిసారి నవ్వాడు.

ఏ అర్థమూ లేని అక్షరాలూ అంకెలూ కలిపి మణెమ్మే తన వేలితో నొక్కింది. అదే పాస్‌వర్డ్ ప్యానెల్‌కూ ఇచ్చాక, సందుకు అవతల మెయిన్ స్విచ్చి తీసి మళ్ళీ వేశారు. తిరుమలరావు మైనస్ ఎనిమిది నొక్కాడు. ఆయన తెర మీద కనెక్షన్ లేదని వచ్చింది. సొంత రూటరు మేలుకున్నాక ఆ ప్యానెల్ ఆయన తొట్టి యంత్రంతోనే కలిసింది. మణెమ్మ గది మైనస్ పద్దెనిమిది దగ్గరే ఉంది. సాయంత్రం రొయ్యల బుట్టలు దించుకున్నది రాముడే.